ఎఫ్‌ఏ మార్కులు వేసే ముందు

అమ్మలూ,

స్కూల్ అసిస్టెంట్‌గా చేరీ చేరగానే ఎఫ్‌ఏ-1 (మొదటి ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే లఘుపరీక్ష, రికార్డు, ప్రాజెక్టు, క్లాసులో భాగస్వామ్యం చూసి వేసే) మార్కులు వేయాల్సి వస్తోందని, క్లాసులో మెరిట్ పిల్లలెవరో ఇంకా తెలియదని టెన్షన్ పడుతూ రాశావు. తెలియకపోవడమే మంచిదైంది. ఎవరైనా పాత మార్కుల లిస్టు చేతిలో పెట్టినా అప్పుడే చూడకు. చూశావంటే పెన్ను పేరును బట్టి నడుస్తుంది. లఘుపరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు పేరు కనపడకుండా మడిచి, మొదటి ప్రశ్న అందరిదీ అయ్యాకే రెండోది పట్టుకో.

పదో తరగతికి ఓమ్ నియమం చెప్పేటప్పుడు ఒక పని చెయ్యి. నిక్రోమ్ తీగతో రీడింగులు తీయిస్తే, నియమం చెప్పినట్టే వోల్టేజిని కరెంటుతో భాగించినప్పుడల్లా ఇంచుమించు ఒకటే విలువ వస్తుంది. ఆ తర్వాత దాని చోట మూడు సెల్స్‌కి తట్టుకునే టార్చి బల్బు పెట్టించు. ఒక్క సెల్‌తో ఎర్రగా మినుకుమంటుంది, మూడింటితో తెల్లగా వెలుగుతుంది. ఫిలమెంట్ వేడెక్కి నిరోధం పెరుగుతుంది కాబట్టి వోల్టేజిని కరెంటుతో భాగిస్తే వచ్చే విలువ కూడా పెరుగుతూ పోవాలి. అయినా కొందరి రికార్డులో మూడు వరసల్లోనూ ఒకటే విలువ ఉంటుంది, అదీ ముత్యాల్లాంటి అక్షరాలతో. ఇంకొకడు కొట్టివేతల మధ్య పెరిగిన విలువలే రాసి, "టీచర్, మాది తప్పొచ్చింది" అంటాడు. పూర్తి మార్కులు వాడికే వెయ్యి. మీటరు చూపించింది చూపించినట్టు రాయడమే సైన్సులో మొదటి మెరిట్.

థర్మోకోల్ ప్రాజెక్టుల సంగతి తెలిసిందే, సగం ఇంట్లోవాళ్లు చేసినవే. బొమ్మను పక్కన పెట్టి రెండు ప్రశ్నలడుగు, చాలు. భాగస్వామ్యం మార్కులు మాత్రం చెయ్యెత్తి అరిచేవాళ్లకే పోకుండా చూడు. వెనక బెంచీలో నోరు విప్పని పిల్ల దగ్గరికి నువ్వే వెళ్లి అడగాలి.

మన భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారికి మద్రాసు వైద్య కళాశాలలో ఎంబీబీఎస్ బదులు అంతకన్నా తక్కువదైన ఎల్‌ఎంఎస్ పట్టా చేతిలో పెట్టారు. ఆయన ఖద్దరు దుస్తులు సర్జరీ ప్రొఫెసర్‌కి గిట్టలేదంటారు. ఆయనే 1925లో ఫిస్కే అనే తోటి శాస్త్రవేత్తతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. దీన్ని "మార్కులదేముంది" అని చెప్పే కథగా వాడకు, పిల్లలు చదవడం మానేస్తారు. ఇది దిద్దేవాళ్లు వినాల్సిన కథ. అక్కడ బట్టకు మార్కు పడింది. మన దగ్గర చేతిరాతకూ, అట్ట వేసిన రికార్డుకూ పడుతోంది.

బల్బుతో పాటు సెల్స్ కూడా కొత్తవి కొనుక్కెళ్లు. స్కూల్ బీరువాలో ఉన్నవి ఏనాడో కారిపోయి ఉంటాయి.

ఆశీస్సులతో,
మామయ్య