గట్టు మీది యుక్కాను గుంటలో పోయకండి

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. ఎకరన్నర గుంటలో 3 లక్షల వనామి రొయ్య సీడు (పిల్లలు) వేసి 58 రోజులైంది. సగటు బరువు 9 గ్రాములు, మేత రోజుకు 120 కిలోలు. మధ్యాహ్నం పీహెచ్ 8.6, మొత్తం అమ్మోనియా 3 పీపీఎం (లీటరు నీటికి 3 మిల్లీగ్రాములు). అమ్మోనియా తగ్గడానికి షాపులో ఇచ్చిన యుక్కా మందు రెండుసార్లు వాడాం, తగ్గినట్టే తగ్గి మళ్లీ పెరిగింది. మా గట్టు మీద నాలుగు రకాల యుక్కా మొక్కలున్నాయి, ఫొటోలు పంపాను. ఏది దంచి రసం పోయాలి?

జవాబు: ఏదీ వద్దు. మందులోకి వాడే యుక్కా షిడిగెరా అమెరికా, మెక్సికో ఎడారుల మొక్క. దాని ఆకు బిరుసుగా ఉండి, అంచుల వెంట దళసరి పీచు వేలాడుతుంది. కాండాన్ని పిండి మందు తీస్తారు. మీ ఫొటోల్లో అది లేదు.

మొదటి ఫొటోలో మొదలు ఏనుగు పాదంలా ఉబ్బి, ఆకు మెత్తగా, కొన ముల్లు లేకుండా ఉన్నది యుక్కా జైగాంటియా. కుండీల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. రెండోది యుక్కా అలోయిఫోలియా. ఆకు కొన సూదిలా దిగుతుంది, అంచు మీద వేలు జరిపితే సన్నటి రంపంలా గీరుతుంది. ఉప్పుగాలికి తట్టుకుంటుంది కాబట్టి గట్టు మీద ఉండనివ్వండి, నడిచే దారిలో మాత్రం వద్దు. మూడోదానికి కాండమే లేదు, ఆకు అంచుల నుంచి తెల్లటి దారాలు చుట్టలు తిరిగి ఊడుతున్నాయి. అది ఫిలమెంటోసా. నాలుగోది అసలు యుక్కానే కాదు, కిత్తనార. ఆకు కండగా ఉంది, అంచున కొక్కేల్లాంటి ముళ్లున్నాయి. దంచితే రసం తగిలి చేతులు దురదలెక్కుతాయి.

పచ్చి రసంలో శాపోనిన్ (సబ్బులా నురగ వచ్చే పదార్థం) ఎంతుందో కొలవకుండా గుంటలో పోయడం ప్రమాదం. సీడుకు ముందు చేపల్ని చంపడానికి మీరు వేసే టీ సీడ్ కేక్‌ (తేయాకు జాతి గింజల పిండి)లో పనిచేసేదీ శాపోనినే.

అసలు జబ్బు మీ మేత లెక్కలో ఉంది. 80 శాతం బతికాయనుకున్నా గుంటలో ఉన్నది 2,160 కిలోల రొయ్య. ఆ బరువులో మూడున్నర శాతం చొప్పున రోజుకు 75 కిలోల మేత చాలు. మీరు రోజూ 45 కిలోలు అదనంగా అడుగుకు పంపుతున్నారు. 35 శాతం ప్రోటీన్ మేతైతే అందులో రెండున్నర కిలోల నత్రజని. పైన యుక్కా పోస్తూ కింద అమ్మోనియా తయారు చేస్తున్నారు! మేత అమ్మిన షాపే మందూ అమ్ముతుంటే, మేత తగ్గించమని మీకెవరు చెబుతారు?

పీహెచ్ 8.6 దగ్గర మొత్తం అమ్మోనియాలో సుమారు ఐదో వంతు విషరూపంలో ఉంటుంది, అంటే మీ గుంటలో 0.6 పీపీఎం. 0.1 దాటకూడదు. పీహెచ్ పెరిగితే ఆ వంతూ పెరుగుతుంది. అందుకే పీహెచ్ 8 లోపుకు వచ్చేదాకా, దాన్ని పెంచే సున్నం ముట్టుకోకండి.

మూడు రోజులు మేత 50 కిలోలకు దించి నాలుగు పూటలుగా వేయండి. తర్వాత చెక్ ట్రే (మేత తిన్నాయో లేదో చూడటానికి గుంటలో దించే పళ్లెం) చూసి 75కు పెంచండి. గంటన్నరకు ట్రేలో మేత మిగిలితే తర్వాతి పూట తగ్గించాల్సిందే. అమ్మోనియాను వాడుకునే బ్యాక్టీరియాకు ఆహారంగా 15 కిలోల నల్లబెల్లం నీళ్లలో కరిగించి, ఉదయం 9 గంటలకు ఏరియేటర్లు (నీటికి గాలి పట్టించే యంత్రాలు) తిరుగుతుండగా చల్లండి. రోజు విడిచి రోజు మూడుసార్లు చాలు. ఏరియేటర్లు 5 హెచ్‌పీకి తగ్గకూడదు, రాత్రంతా ఆపకూడదు. బయటి నీరు శుభ్రంగా ఉంటేనే 10 శాతం మార్చండి.

వారం తర్వాత మధ్యాహ్నం 3 గంటలకు తీసిన నీటి రిపోర్టు, మేత పుస్తకం కలిపి పంపండి.