రంభ ఒడ్డున పాత చెక్క పడవ: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. ఒడిశాలో చిలికా సరస్సు ఒడ్డున ఉన్న రంభ దగ్గర ఇరవై నాలుగు అడుగుల పాత తెరచాప పడవ కొన్నావనీ, బాగుచేసుకుని అందులోనే ఉండాలనుకుంటున్నావనీ అమ్మ చెప్పింది. మంచి ఆలోచనే. కాకపోతే బరంపురం వెళ్లి రంగు డబ్బాలు కొనే ముందు ఒక దబ్బనం, ఒక చిన్న సుత్తి పట్టుకుని పడవంతా తిరుగు.

అందరూ కింది నీటికి భయపడతారు గానీ, చెక్క పడవను ఎక్కువగా కుళ్లబెట్టేది పైనుంచి కారే వాననీరు. ఉప్పు పట్టిన చెక్కలో కుళ్లు అంత తేలిగ్గా పెరగదు. వాననీరు డెక్కు (పడవ పైతట్టు పలకలు) సందుల్లోంచి దిగి, గాలి ఆడని మూలల్లో నిలిచిపోతే మూడు నాలుగు వర్షాకాలాల్లో గట్టి దూలం కూడా పిండిలా రాలిపోతుంది. అందుకని డెక్కు పక్కపలకలతో కలిసే అంచు, తెరచాప కొయ్య కింద దాని మడమ కూర్చునే గూడు, వెనక భాగంలో రెండు మూలలు, దిగే తలుపు చుట్టూ, వీటిని ముందు చూడు. సుత్తితో తడితే మంచి చెక్క ఖణ్‌మంటుంది, కుళ్లింది మొద్దుగా మోగుతుంది. దబ్బనం చేతి ఒత్తిడికే దిగిపోతే ఆ ముక్క మార్చాల్సిందే. లప్పం పెట్టి రంగేస్తే కింద కుళ్లు పెరుగుతూనే ఉంటుంది.

నీటి అడుగున శత్రువు వేరు. చెక్కను తొలిచే ఓడపురుగు గుండుసూది తల అంత రంధ్రంతో లోపలికి పోయి, లోపల వేలి లావున సొరంగాలు చేస్తుంది. బయటికి పలక శుభ్రంగా కనిపిస్తుంది. 2000 సెప్టెంబరులో సిపాకుదా దగ్గర కొత్త ముఖద్వారం తవ్వాక చిలికాలోకి సముద్రపు నీరు మళ్లీ బాగా రాసాగింది. వేసవిలో ఉప్పదనం పెరుగుతుంది. పురుగుకు అదే కావాలి. నీటి గీత కింద ఒక్క అంగుళం కూడా రంగు లేకుండా వదలొద్దు. అడుగుకు వేసేది గుల్లలు పట్టని ప్రత్యేకమైన రంగే కావాలి, ఇంటి గోడల రంగు పనికిరాదు.

పడవను ఒడ్డుకెక్కించడం డిసెంబరులో పెట్టుకో. మన తీరంలో తుపానులు అక్టోబరు, నవంబరుల్లోనే ఎక్కువ. 2013లో పైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది అక్టోబరు 12న. బరువంతా కింది వెన్నుదూలం మీదే ఉండాలి, దాని కింద ప్రతి మీటరున్నరకూ ఒక దుంగ పెట్టు. పక్క ఆనుకర్రలు పడవ ఒరగకుండా ఆపడానికే. ఎదురెదురు కర్రలను పడవ కింది నుంచి తాడుతో ఒకదానికొకటి కట్టేయి, లేకపోతే ఒకటి జారితే పడవ ఒరిగిపోతుంది. పైన తాటాకు పందిరి వేయి. ఎండ నేరుగా తగిలితే పలకలు త్వరగా ఆరి నెర్రెలిస్తాయి.

పలకలు మార్చేటప్పుడు ఒకటి తీసి, దాని బదులు బిగించాకే రెండోది తీయాలి. అన్నీ ఒకేసారి విప్పితే పడవ ఆకారం తప్పుతుంది, మళ్లీ ఏ పలకా కూర్చోదు. రెండు పలకల అతుకులు పక్కపక్కన రాకూడదు, మధ్యలో కనీసం రెండు మూడు అతుకు లేని పలకలు ఉండాలి. ఎపాక్సీ జిగురుతో ఏటవాలు అతుకు వేస్తే అంగుళం మందం పలకకు అతుకు పొడవు ఎనిమిది అంగుళాలు ఉండాలి, తక్కువైతే ఊడుతుంది. ఎపాక్సీ పూర్తిగా ఆరిన చెక్కకే పట్టుకుంటుంది. తడి పలక మీద పూస్తే తేమ లోపల బందీ అయి కుళ్లబెడుతుంది. పాత పడవంతటికీ ఫైబర్ గ్లాసు తొడిగిస్తే కారదని ఎవరైనా చెబితే వినకు. లోపలి చెక్క ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది, పై పొర మాత్రం కదలదు, రెండూ విడిపోయి మధ్యలో నీరు నిలుస్తుంది.

మేకుల విషయంలో జాగ్రత్త. పాతవి ఇనుపవైతే కొత్తవి కూడా బాగా గాల్వనైజ్ చేసిన (జింకు పూత ఉన్న) ఇనుపవే వాడు. రాగి మేకులు కలిపితే ఉప్పునీటిలో ఇనుము త్వరగా తినేయబడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు మెరుస్తుందని తడి చెక్కలో దిగేయకు. గాలి తగలని చోట దానికీ గుంటలు పడి విరిగిపోతుంది. సాల్ కర్రకు ముందు బెజ్జం వేయకపోతే చీలుతుంది.

పలకల సందుల్లో దూదిపేట దట్టించడం అన్నిటికన్నా ఓపిక కావాల్సిన పని. పాతది మొత్తం పీకి, సందు శుభ్రం చేసి, మొండి ఉలితో కొయ్యసుత్తి దెబ్బకు కొంచెం కొంచెంగా లోపలికి పంపాలి. పలకలు ఆరి ఉన్నాయి కదా, సందు పెద్దదిగా కనిపిస్తుంది, చేయి ఇంకా కుక్కమంటుంది. అయినా ఎక్కువ కుక్కొద్దు. నీట దించాక చెక్క ఉబ్బి తనంతట తానే బిగుస్తుంది. ముందే బిగించేస్తే ఉబ్బడానికి చోటు లేక పలకలు మేకులను లాగేస్తాయి. పైన గుగ్గిలం, నూనె కలిపి కాచిన ముద్ద పూయి. ఒక చుక్క నీళ్లలో వేసి గోటితో నొక్కి చూడు: పగిలితే నూనె తక్కువ, అంటుకుంటే ఎక్కువ.

దించిన మొదటి రెండు మూడు రోజులు నీరు కారుతుంది, కంగారుపడి మళ్లీ దూది కుక్కొద్దు. లోతు తక్కువ చోట కట్టి, పగలూ రాత్రీ మనిషిని పెట్టి తోడుతూ ఉండు. అప్పటికీ తగ్గకపోతే అప్పుడు వెతకాలి.

ఉండడం సంగతి. పనవుతున్నన్నాళ్లూ పడవలో పడుకోకు, ఎపాక్సీ దుమ్ము ఊపిరికి మంచిది కాదు. ముందొకటి, వెనకొకటి గాలి కన్నాలు పెట్టించు, పరుపు కింద పలకలకు మధ్య సందులు ఉండేలా చూడు, లేకపోతే నెలలోనే బూజు. గ్యాస్ సిలిండర్ లోపల పెట్టకు. ఆ గ్యాసు గాలి కంటే బరువు, కారితే పడవ అడుగున చేరుతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. డెక్కు మీద ఒక పెట్టెలో ఉంచు, ఆ పెట్టె అడుగున పడవ బయటికి, నీటిగీతకు పైన తెరుచుకునే కన్నం పెట్టు. వంట కాగానే గ్యాసును సిలిండర్ దగ్గరే ఆపేయి.

కరెంటు లెక్క: 24 వాట్ల ఫ్యాను ఎనిమిది గంటలు, రెండు ఐదు వాట్ల దీపాలు నాలుగు గంటలు, ఫోను, మొత్తం 250 వాట్-గంటలు. 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ లెడ్ బ్యాటరీలో సగమే, అంటే 600 వాట్-గంటలే వాడాలి, అది రెండు రాత్రులకు సరిపోతుంది. 100 వాట్ల సోలార్ పలక ఎండ రోజున ఒక రాత్రి వాడినదాన్ని తిరిగి నింపుతుంది, ముసురులో ఆశ పెట్టుకోకు. బ్యాటరీకి దగ్గర్లోనే ఫ్యూజు ఉండాలి. తాగడానికీ వంటకూ రోజుకు కనీసం ఐదు లీటర్లు మంచినీళ్లు. మలమూత్రాలు చిలికాలో వదలకు. బకెట్లో రంపపు పొట్టు వేసి వాడి, ఒడ్డుకు తెచ్చి పూడ్చు.

లంగరుకు జాలర్ల నాలుగు కొక్కేల ఇనుము ఈ బురదలో జారుతుంది, రెండు వెడల్పు రెక్కలదే పట్టుకుంటుంది. తాడు నైలాన్‌దే వాడు, అది సాగి కుదుపును తట్టుకుంటుంది. నీటి లోతు రెండు మీటర్లు, పడవ ముందు భాగం నీటి మీద మీటరు ఎత్తు, మొత్తం మూడు అనుకో. దానికి ఏడు రెట్లు, అంటే 21 మీటర్ల తాడు వదలాలి. తుపాను హెచ్చరిక వస్తే మాత్రం ఇవన్నీ వదిలి పడవను గట్టిగా కట్టి, నువ్వు ఒడ్డెక్కి భద్రమైన చోటికి వెళ్లిపో.

పడవ ఒడ్డెక్కిన రోజు నీటిగీత కింది పలకలు దగ్గర నుంచి ఫొటోలు తీసి పంపు. ఏవి మార్చాలో చూసి చెబుతాను.

మీ మావయ్య