దక్షిణం స్థలంలో మెరక తోలుతున్నారట

చి.ల.సౌ. అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులు. నిన్న మీ అమ్మ ఫోన్ చేసి రెండు కబుర్లు చెప్పింది. నువ్వు డాబా మీద మూడు కిలోవాట్ల సోలార్ పెట్టిస్తున్నావట. మీ దక్షిణం పక్క స్థలం ఎవరో కొని, లారీలతో మట్టి పోయించి మెరక తోలిస్తున్నారట. ఆవిడకి అవి రెండు కబుర్లు, నాకు మాత్రం ఒకటే, అక్కడ లేచే ఇంటి నీడ నీ ప్యానెళ్ళ మీద పడొచ్చు. నీ సొంత జీతంతో, ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా పెట్టిస్తున్నావని విని నాకెంత సంతోషమయిందో చెప్పలేను. ఆ మెరక సంగతి విన్నాక మాత్రం రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

కాగితాల పని గురించి నీకు చెప్పక్కర్లేదు. ఇంటి సోలార్‌కి కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పోర్టల్లో దరఖాస్తు పెట్టడం, నమోదైన వెండర్‌ని ఎంచుకోవడం, నెట్ మీటరు, మూడు కిలోవాట్లకు రూ.78,000 సబ్సిడీ, ఇవన్నీ నువ్వే నాకు చెప్పగలవు. ఒక్కటి గుర్తుంచుకో. మనకి కరెంటు ఇచ్చే ఏపీఈపీడీసీఎల్ వాళ్ళు చూసేది లైను, లోడు, మీటరు. నీడ సంగతి వాళ్ళ పని కాదు, నువ్వే చూసుకోవాలి.

ఇక అసలు సంగతి. మన వైపు సోలార్ పెట్టించుకునే వాళ్ళు ఎప్పటి నుంచో చేస్తున్న పొరపాటు ఒకటుంది. ఎండాకాలంలో కరెంటు బిల్లు చూసి గుండె గుభేలుమంటుంది, కంపెనీ వాళ్ళని పిలుస్తారు. వాళ్ళు వైశాఖంలో మిట్టమధ్యాహ్నం డాబా ఎక్కి, "ఎక్కడ చూసినా ఎండేనండి" అంటారు. కేబుల్ కలిసొస్తుందనో, కింద నుంచి చూసేవాళ్ళకి బాగుంటుందనో దక్షిణం పిట్టగోడ వారన వరసగా ప్యానెళ్ళు బిగించి పోతారు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. మనం ఉన్నది 16½ డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. మే మొదటి వారం దాటితే ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికే ఒరిగి ఉంటాడు. ఆ రోజుల్లో దక్షిణాన ఎంత గోడ లేచినా మధ్యాహ్నపు నీడ మన వైపు రాదు. మార్చి 21, సెప్టెంబరు 22 ప్రాంతాల్లో కూడా పది అడుగుల గోడ నీడ ఉత్తరానికి మూడడుగులు మించదు. ఇబ్బంది కార్తీకంలో మొదలై, మార్గశిరంలో ముదిరి, పుష్యం దాటాక గానీ వదలదు. డిసెంబరు 21న మనకు మధ్యాహ్నం సూర్యుడు 50 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. ఉదయం 9కీ, మధ్యాహ్నం 3కీ ముప్పై డిగ్రీలే. వానలు వెళ్ళిపోయి ఆకాశం తేటపడి, ప్యానెల్ చల్లగా ఉండి బాగా పనిచేసే నెలలు కూడా అవే. ఎండాకాలంలో చూసి పెట్టించుకున్న వాళ్ళకి పక్కింటి నీడ సంగతి ఆ చలికాలం బిల్లు వచ్చాకే తెలుస్తుంది. అప్పటికి స్ట్రక్చర్ కాళ్ళు కాంక్రీటులో ఉంటాయి, డబ్బు చేతులు దాటిపోయి ఉంటుంది.

ఈ పొరపాటుకి ఇంకో వేరుంది. పక్క స్థలం ఖాళీగా ఉంటే ఎప్పటికీ ఖాళీగానే ఉంటుందనుకోవడం. మీ నాన్న ఆ ఇల్లు కట్టినప్పుడు దక్షిణాన అరటి పిలకలు, నాలుగు కొబ్బరి చెట్లు ఉండేవి. గాలి బాగా వస్తుందని పడగ్గది కిటికీ అటే పెట్టించాడు. ఇప్పుడు పాలకొల్లులో అలాంటి స్థలం ఎన్నాళ్ళు మిగులుతుంది? అందులోనూ డెల్టాలో కొత్త ఇల్లు పాత ఇంటి కంటే ఎప్పుడూ ఎత్తే. రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతుంది, వాననీళ్ళు లోపలికి రాకుండా కొత్తవాళ్ళు దానికంటే ఎత్తుగా మెరక చేస్తారు. నీది రెండంతస్తులు, అతనిదీ రెండంతస్తులే అయినా అతని పిట్టగోడ నీ పిట్టగోడ మీదకి తొంగి చూస్తుంది.

లెక్క వేసి చూపిస్తాను, పక్కన కాగితం పెట్టుకో. మీ ఇల్లు రోడ్డు మీద నుంచి రెండడుగుల పునాది, పదిన్నర అడుగుల చొప్పున రెండంతస్తులు. డాబా ఎత్తు 23 అడుగులు, ప్యానెల్ కింది అంచు 24. పక్కతను నాలుగడుగుల మెరక చేసి మూడంతస్తులు లేపితే 35½, పైన మూడున్నర పిట్టగోడ, మొత్తం 39. తేడా 15 అడుగులు. డిసెంబరులో నీడ ఉత్తరానికి ఎంత దూరం వస్తుందంటే, మధ్యాహ్నం 12కి ఎత్తులో 0.84 వంతు, అంటే 12½ అడుగులు. ఉదయం 9కీ, 3కీ 1.11 వంతు, అంటే దాదాపు 17. రెండిళ్ళ మధ్య సందు ఆరడుగులు తీసేస్తే, మీ డాబా మీద దక్షిణం అంచు నుంచి 11 అడుగుల లోపు ఏం పెట్టినా చలికాలంలో రోజూ నీడలో పడుతుంది. రోజు మొత్తం కరెంటులో పెద్ద భాగం 9కీ 3కీ మధ్యే వస్తుంది, కాబట్టి ఆ రెండు వేళల లెక్కే పట్టుకో. నోటికి గుర్తుండేలా చెప్పాలంటే, తేడా ఎత్తు ఎంతో దూరం అంత, పైన పదోవంతు.

అతను మూడుతో ఆగకుండా నాలుగో అంతస్తు కూడా వేస్తే తేడా 25½ అవుతుంది, నీడ మీ డాబా మీద 22 అడుగుల దాకా వస్తుంది. మీ డాబా ఉత్తర దక్షిణాలు నలభై అడుగులు. ఇంకా పద్దెనిమిది అడుగులు మిగులుతుంది. 540 వాట్ల ప్యానెల్ ఏడున్నర అడుగుల పొడుగు, మూడు ముప్పావు వెడల్పు. ఆరు ప్యానెళ్ళు నిలువుగా ఒకే వరసలో పెడితే 22½ అడుగుల వరస. ఉత్తరం పిట్టగోడకి మూడడుగులు వదిలి అక్కడ పెట్టించు. ఆ మూడడుగులు కడగడానికి దారి, గాలి అంచుల దగ్గరే ఎక్కువ లాగుతుంది కాబట్టి దానికీ అవసరమే. కేబుల్ ఇంకో పది మీటర్లు పడుతుందని కంపెనీ వాళ్ళు గొణుగుతారు. గొణగనీ, ఆ డబ్బు ఇచ్చెయ్.

ఇప్పటికే ఉన్న గోడల్ని చూడాలంటే మీ పిల్లాడి జామెట్రీ బాక్సులో ప్రొట్రాక్టర్ చాలు. మధ్య రంధ్రంలో దారం కట్టి చివర చిన్న నట్టు వేలాడదియ్యి. ప్యానెల్ కింది అంచు వచ్చే చోట ఆ ఎత్తులో కన్ను పెట్టి, చదును అంచు వెంబడి ఎదుటి గోడ తలని చూడు. దారం 90 నుంచి ఎన్ని డిగ్రీలు జరిగిందో అదే కోణం. సరిగ్గా దక్షిణాన ఉన్న గోడ 42 లోపుంటే 9 నుంచి 3 దాకా ఏడాది పొడుగునా బెంగ లేదు. 50 దాటితే డిసెంబరులో మధ్యాహ్నం కూడా ఎండ రాదు. గడియారం తేడా గురించి ఆలోచించకు. దేశమంతా టైము చూసుకునే 82½ డిగ్రీల రేఖ మన కాకినాడ పక్క నుంచే పోతుంది, మనకి పన్నెండు అంటే పావుగంట అటూ ఇటూగా నడిమధ్యాహ్నమే.

తూర్పింటిని కూడా మరిచిపోకు. అందరూ దక్షిణమే చూస్తారు. మనవాళ్ళు వాస్తు ప్రకారం బరువంతా నైరుతిలో పెడతారు, ట్యాంకూ మెట్ల గదీ అక్కడే. తూర్పింటి వాళ్ళ నైరుతి అంటే నీ ఆగ్నేయం పక్కనే. చలికాలం పొద్దున 9కి సూర్యుడు ఆగ్నేయంలోనే ఉంటాడు, ఆ ట్యాంకు నీడ ఏటవాలుగా మీ డాబా మీదకే వస్తుంది. దక్షిణం ఇంటాయనకి అదే వాస్తు నీకు మేలు చేస్తుంది. అతను ఉత్తరం ఖాళీ ఎక్కువ వదులుతాడు, ట్యాంకు అవతలికి పోతుంది. మీ సొంత నైరుతి ట్యాంకు సంగతీ చూసుకో, మధ్యాహ్నం 3కి దాని నీడ ఈశాన్యం వైపు పాకుతుంది.

నీడల్లో రెండు రకాలు, మందు కూడా వేరు. ట్యాంకు, స్తంభం, కొబ్బరి మొవ్వు, వీటి నీడ సన్నగా వచ్చి జరిగిపోతుంది. ఆరు ప్యానెళ్ళూ ఒకే తీగ మీద వరసగా ఉంటాయి కాబట్టి ఒకదాని మీద నీడ పడితే, బోదెకి మధ్యలో అడ్డు పడితే శివారు చేలు ఎండినట్టు, మిగతావీ తగ్గిపోతాయి. అలా జరగకుండా ప్రతి ప్యానెల్లో మూడు బైపాస్ డయోడ్లు ఉండి నీడ పడ్డ భాగాన్ని పక్కకి తప్పిస్తాయి. ఇలాంటి నీడకి, ఒక్కో ప్యానెల్‌కీ విడిగా బిగించే ఆప్టిమైజర్లు గానీ మైక్రో ఇన్వర్టర్లు గానీ పెట్టుకుంటే నీడ పడ్డ ప్యానెల్ వరకే నష్టం. ప్యానెళ్ళ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్లో షాడో స్కాన్ (నీడ ఉన్నా వీలైనంత ఎక్కువ కరెంటు లాగే) సెట్టింగ్ ఉంటే బిగించిన రోజే నీ ఎదురుగా ఆన్ చేయించు. గోడ నీడ మాత్రం వరసంతటినీ ఒకేసారి కప్పేస్తుంది. దానికి ఏ పెట్టె కొన్నా లాభం లేదు, లేని ఎండని అది తయారు చెయ్యదు. పైగా రోజూ గంటల తరబడి అదే చోట నీడ పడితే డయోడ్లు వేడెక్కి వేడెక్కి ప్యానెల్ వెనకున్న జంక్షన్ బాక్సులోనే కాలిపోవచ్చు. అలా కాలితే ఎండ ఉన్న రోజున కూడా ఆ భాగం పనిచెయ్యకపోవచ్చు.

ఇది చదివి నువ్వు "అయితే స్ట్రక్చర్ ఎత్తు లేపేద్దాం మామయ్యా" అంటావు, నాకు తెలుసు. వద్దమ్మా. ఏడెనిమిది అడుగులు లేపితే నీడ లెక్క తగ్గుతుంది నిజమే, కింద వడియాలు పెట్టుకోవచ్చు కూడా. కానీ 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీదకి వచ్చిన గాలి సంగతి మీ అమ్మనడుగు. నువ్వు అప్పుడు ఒళ్ళో పిల్లవి. తెల్లారేసరికి కొబ్బరి తోటలకి తోటలు నేల మీద ఉన్నాయి. మన తీరానికి కట్టడాల లెక్కలో తీసుకునే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, గంటకు 180 కిలోమీటర్లు. ఆ గాలికి చదరపు మీటరు మీద దాదాపు 150 కిలోల ఒత్తిడి. ఆరు ప్యానెళ్ళ బరువు 170 కిలోలైతే వాటి మీద గాలి తోపు రెండు టన్నుల పైమాటే. ఎత్తు పెరిగే కొద్దీ కింద నుంచి పైకి లేపే గాలి ఎక్కువ, కాళ్ళ మొదట్లో పడే వంపు ఎక్కువ. ఆ రేకు లేచి పక్కింటి పిల్లల మీద పడితే ఏ బీమా ఓదారుస్తుంది?

కాబట్టి కింది అంచు రెండడుగులకు మించకుండా, 10–15 డిగ్రీల వాలుతో పెట్టించు. కాళ్ళు బీముల మీద రావాలి, ఒట్టి శ్లాబు మీద నాలుగు ఫాస్టెనర్లు కొట్టి వదిలేస్తే ఒప్పుకోకు. ఇనుము హాట్ డిప్ గాల్వనైజింగ్, అంటే కరిగిన జింకులో ముంచి పూత వేసినదే ఉండాలి. అక్కడికక్కడ కోసి వెల్డింగ్ పెట్టి వెండి రంగు పూస్తే మన ఉప్పుగాలికి తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి. ఏటా అక్టోబరు రాకముందే ఒకసారి స్పానరు పట్టుకుని అన్నీ బిగించు. రైసు మిల్లు బూడిద మీ వైపు పడుతుంది కదా, వారానికోసారి పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు నీళ్ళు కొట్టు.

ఇక పక్కాయనతో మాట్లాడటం. నీకు మొహమాటం, చిన్నప్పటి నుంచీ అంతే, కొట్లో చిల్లర తక్కువిచ్చినా అడక్కుండా వచ్చేదానివి. ఈసారి ఆ మొహమాటం కట్టిపెట్టు. అతను ముగ్గు పోసి పునాది గుంతలు తియ్యకముందే మీ ఆయన్ని తీసుకుని వెళ్ళు. ఎత్తు తగ్గించమని అడగకు. కూడబెట్టి కొన్న స్థలం, నిబంధనల ప్రకారం ఎంత లేపుకున్నా అతని ఇష్టం. అతనికి ఖర్చు లేనివి రెండే అడుగు. ట్యాంకూ మెట్ల గదీ ఉత్తరం వైపుకి రాకుండా చూడమను, అతని వాస్తు కూడా అదే చెబుతుంది. ఉత్తరం వైపు పిట్టగోడ ఇటుకతో కాకుండా పైపు రెయిలింగుతో కట్టమను. ఆ మూడున్నర అడుగులు తగ్గితే మీ డాబా మీద దాదాపు నాలుగడుగుల ఎండ మిగులుతుంది. మంజూరైన ప్లాను చూపించమని మర్యాదగా అడిగితే చూపిస్తాడు. అందులో ఎత్తూ, మీ వైపు వదిలిన ఖాళీ ఎంతో రాసుకో.

కోర్టు మాట మాత్రం ఎత్తకు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 15వ సెక్షన్‌లో ఇరవై ఏళ్ళు అడ్డు లేకుండా అనుభవించిన వెలుతురుకి హక్కు ఉంది, అది ఇంట్లోకి వచ్చే వెలుతురుకి. ఆరుబయలు నేల మీద పడే వెలుతురుకి అలా హక్కు పుట్టదని 17వ సెక్షన్ చెబుతుంది. నిన్న బిగించిన డాబా ప్యానెళ్ళకి ఆ ఇరవై ఏళ్ళ మాటే రాదు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్ర సుప్రీంకోర్టు 1982లో ఇలాంటి తగవు విచారించదగ్గదేనంది గానీ, ఆ తీర్పు మనల్ని ఆదుకోదు. అతనే మంచిమనసుతో "ఇంతకు మించి లేపను" అంటే, లాయరు చేత రాయించి రిజిస్టరు చేయిస్తేనే రేపు ఆ ఇల్లు కొన్నవాడిని అడగగలవు. అతను అసలు ఖాళీ వదలకుండా హద్దు మీదే గోడ లేపితే అది వేరే సంగతి, అప్పుడు మునిసిపాలిటీకి వెళ్ళు.

కంపెనీ వాళ్ళకి అడ్వాన్సు ఇంకా ఇవ్వకపోతే ఆగు. ముందు డాబా నక్షా గీయించి, డిసెంబరు 21న 9, 12, 3 గంటలకు నీడ ఎక్కడికి వస్తుందో, పక్కన మూడంతస్తులు ఉన్నాయనుకుని, అందులో గుర్తు పెట్టించు. అలా గీసివ్వలేని వాళ్ళయితే ఇంకొకళ్ళని చూసుకో. గీశాక ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు, పక్కాయన మెరక రోడ్డు మీద నుంచి ఎన్ని అడుగులు వచ్చిందో టేపు పెట్టి కొలిచి అది కూడా రాయి. పిల్లాడిని మాత్రం పిట్టగోడ ఎక్కనివ్వకు.

ఆశీస్సులతో,
మామయ్య