రొయ్యల గుంటల మెకానిక్‌కి అంటార్కిటికాలో పని దొరుకుతుందా?

అల్లూరు వైపు రొయ్యల గుంటల మీద జెన్‌సెట్లు బాగుచేస్తున్నానని, ఐటీఐ డీజిల్ మెకానిక్ పాసయ్యానని, అంటార్కిటికాలోని మన పరిశోధన కేంద్రం మైత్రికి నాలాంటివాళ్లను తీసుకుంటారా అని అడిగారు.

తీసుకుంటారు. 1989 నాటి మైత్రి అయినా, 2012లో మొదలైన మన మరో కేంద్రం భారతి అయినా నడిచేది జెనరేటర్ల మీదే. గుంటలో నీళ్లకు గాలి అందించే ఏరేటర్ ఆగితే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. అక్కడ కరెంటు పోతే నీళ్ల పైపులు గడ్డకట్టి పగులుతాయి. ఆ కంగారు మీకు కొత్త కాదు. ఇంజనూ కొత్త కాదు. మీరు కొత్తగా నేర్చుకోవాల్సింది, అందులో పోసేవాటిని చలి ఏం చేస్తుందనేది.

బంకు డీజిల్‌లో మైనం ఉంటుంది. ఆ చలికి అది పేరుకుని ఫిల్టర్‌ను మూసేస్తుంది. అందుకే ధ్రువాల్లో జెట్ ఏ-1 లాంటి విమాన ఇంధనం వాడతారు, అది మైనస్ 47 దాకా తట్టుకుంటుంది. కాకపోతే దానికి జిడ్డు తక్కువ, ఇంజెక్షన్ పంపు త్వరగా అరుగుతుంది, అడిటివ్ కలపాలి. ట్యాంకు సగం ఖాళీగా వదిలితే లోపలి గాల్లో తేమ నీరై, లైన్లో మంచుగడ్డవుతుంది. ఇంధనంలోంచి నీటిని వేరుచేసే సెపరేటర్‌లో నీళ్లు వదలడం రోజువారీ పని.

కూలెంట్ దగ్గర అందరూ చేసే పొరపాటు ఒకటుంది: చిక్కగా పోస్తే మంచిదనుకుంటారు. కూలెంట్ గడ్డకట్టకుండా కలిపే గ్లైకాల్, అసలు నీళ్లు కలపకపోతే, మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. 60 పాళ్లు గ్లైకాల్, 40 పాళ్లు నీళ్లు అయితే మైనస్ 50 దాకా ఢోకా ఉండదు. బ్యాటరీ విషయంలో చూడాల్సింది ఛార్జింగ్. నిండా ఛార్జింగ్ ఉంటే మైనస్ 60కీ చెక్కుచెదరదు, పూర్తిగా దిగిపోతే మైనస్ 10కే గడ్డకట్టి డబ్బా పగులుతుంది.

మంచు తుపానులో పిండిలాంటి మంచు బానెట్ సందుల్లోంచి దూరి, ఇంజను వేడికి కరిగి, ఆపాక బెల్టుల చుట్టూ మళ్లీ గడ్డకడుతుంది. చూడకుండా సెల్ఫ్ కొడితే బెల్టు తెగుతుంది.

కాంట్రాక్టు ఉద్యోగాల ప్రకటనలు గోవాలోని ఎన్‌సీపీఓఆర్ (జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం) వెబ్‌సైట్‌లో పడతాయి. వెల్డింగ్, వైరింగ్ కూడా వచ్చుంటే మేలు, చలికాలంలో ఉండేది పాతికమందే కదా. ఎంపికైతే ఢిల్లీలో వైద్య పరీక్షలు, ఉత్తరాఖండ్‌లోని ఔలిలో మంచు శిక్షణ. పుచ్చు పన్నుంటే ఇప్పుడే నెల్లూరులో చూపించుకోండి. జూన్ అంటే అక్కడ నడి చలికాలం, అప్పుడు మైత్రిలో పన్నుపోటు వస్తే ఓడా రాదు, విమానమూ రాదు.