పాత సైకిలు బ్రేకు లీవర్లకు రబ్బరు హుడ్లు: తమ్ముడి కొడుక్కి ఒక ఉత్తరం

చిరంజీవి శ్రీహర్షకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలన్నీ తీరిగ్గా చూశాను. కొలంబస్‌లో ఎవరో గరాజ్ ఖాళీ చేస్తూ అమ్మేసిన బండి ఫ్రెంచి కంపెనీ ప్యూజో చేసిన పిఎక్స్-10 సైకిలు కావడం నీ అదృష్టమనే చెప్పాలి. రెనాల్డ్స్ 531 అనే తేలికపాటి ఉక్కు గొట్టాలతో చేసిన ఆ ఫ్రేము 1970లలో నిజమైన రేసు బండి. ఆ ప్యూజో జట్టుకు తొక్కిన బెర్నార్ తెవెనేయే 1975లో టూర్ డి ఫ్రాన్స్ పందేన్ని అప్పటి మేటి సైక్లిస్టు ఎడ్డీ మెర్క్స్ చేతిలో నుంచి లాక్కున్నాడు. ఇక నువ్వు అడిగిన సంగతికి వస్తాను. బ్రేకు లీవర్ల మీది రబ్బరు హుడ్లు, అంటే చెయ్యి ఆనించే తొడుగులు, చెయ్యి వేస్తే పొడి రాలుతున్నాయనీ, "ప్యూజో హుడ్లు" అని ఎంత వెతికినా సరైనవి దొరకడం లేదనీ రాశావు. వెతకడంలో పొరపాటు అక్కడే జరిగింది. ప్యూజో వాళ్ళు ఫ్రేము చేశారు గాని బ్రేకులు చేయలేదు. హుడ్డుకు బండి పేరుతో సంబంధం లేదు, అది ఎక్కి కూర్చునే లీవరుతోనే సంబంధం. కుక్కరు గాస్కెట్ కొనడానికి మీ అమ్మమ్మ మూతను సంచీలో వేసుకుని కొట్టుకు వెళ్ళేది గుర్తుందా? ఇక్కడ పాటించవలసినది కూడా అదే పద్ధతి.

నీ రెండో ఫోటోలో లీవరు ఒంటి మీద "మఫాక్" అన్న అచ్చు స్పష్టంగా కనిపిస్తోంది. అది ఫ్రాన్సులోని క్లెర్మాఁ-ఫెరాఁ ఊరి కంపెనీ. మిషెలిన్ టైర్ల వాళ్ళది కూడా ఆ ఊరే. ఆ కంపెనీ ఎప్పుడో మూతబడింది గనుక అసలు తయారీదారు దగ్గర విడిభాగాలు దొరుకుతాయన్న ఆశ పెట్టుకోవద్దు. అయితే ఫ్రాన్సులోనే రుస్తీన్ అనే రబ్బరు కంపెనీ మఫాక్ లీవర్లకు సరిపోయే హుడ్లను కొత్తగా పోతపోసి అమ్ముతోంది. ట్యూబుకు వేసే పంక్చరు అతుకును ఫ్రెంచి వాళ్ళు ఈనాటికీ "రుస్తీన్" అనే అంటారు, ఆ పేరు వీళ్ళ నుంచి వచ్చినదే. పాత సైకిళ్ళ సామాను అమ్మే అమెరికా దుకాణాలు కూడా వీళ్ళ సరుకు తెప్పిస్తుంటాయి, ముందు అక్కడ అడుగు.

కొనేముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. మఫాక్ హుడ్లలో సగం హుడ్డు, నిండు హుడ్డు అని రెండు రకాలు ఉన్నాయి. సగం హుడ్డు లీవరు ఒంటిలో హ్యాండిల్ బార్ వైపు భాగాన్ని మాత్రమే కప్పుతుంది. నిండు హుడ్డు ముందు కొస దాకా వస్తుంది. నీ ఫోటోలో మిగిలిన ముక్కలు, వాటి కింద లోహం మీద పడిన చాయ చూస్తే నీవి సగం హుడ్లేనని నాకు అనిపిస్తోంది. రబ్బరు కప్పిన చోట లోహం మెరుస్తూ ఉంటుంది, బయట ఉన్న చోట మసకబారి ఉంటుంది, ఆ గీతను బట్టి పాతది ఎంత దూరం వచ్చిందో నువ్వే చూసుకోవచ్చు. రెండోది, లీవరుకు అడ్డంగా ఇంకో చిన్న లీవరు, అంటే బార్ పైభాగం పట్టుకున్నప్పుడు నొక్కే అదనపు లీవరు, ఒకప్పుడు బిగించి ఉండి తర్వాత ఎవరైనా తీసేశారేమో చూడు. అది ఉన్న లీవర్లలో ఇరుసు పిన్ను పక్కకు పొడుచుకుని వస్తుంది, దాని మీద మామూలు హుడ్డు సరిగా కూర్చోదు, బలవంతాన ఎక్కించినా నెల తిరక్కుండా ఆ మొన దగ్గరే చిరుగుతుంది. పిఎక్స్-10కి ఆ బెడద సాధారణంగా ఉండదు గాని, యాభై ఏళ్ళలో బండి ఎన్ని చేతులు మారిందో మనకు తెలియదు కదా.

అచ్చు చూసినా అనుమానం తీరకపోతే పాత హుడ్డును పూర్తిగా తీసి, వెర్నియర్‌తో లీవరు ఒంటి వెడల్పు, ఎత్తు, బార్‌ను ఆనుకునే అంచు నుంచి ముందు కొస దాకా పొడవు కొలిచి, ఆ మూడు అంకెలనూ పక్క నుంచి తీసిన ఫోటోతో కలిపి అమ్మేవాడికి పంపు. నాలుగు మాటలు అడిగితే విసుక్కునే వాడి దగ్గర కొనకపోవడమే మేలు.

ఇక ఎక్కడ మోసపోతావో చెబుతాను, ఎందుకంటే అక్కడ నేను మోసపోయాను. పన్నెండేళ్ళ కిందట నా కంపాన్యోలో (ఇటలీ కంపెనీ) లీవర్ల కోసం, "వాడని పాత సరుకు, డబ్బా కూడా విప్పలేదు" అన్న మాట నమ్మి, ఆ కంపెనీ గ్లోబు గుర్తు ఉన్న అసలు హుడ్ల జత ఒకదాన్ని మంచి ధర పెట్టి కొన్నాను. డబ్బాలో చూడముచ్చటగా ఉన్నాయి. తొడగబోతే మొదటిది సగం దాకా వచ్చి, పెళుసెక్కిన అప్పడంలాగా బొటనవేలి కింద చీలిపోయింది. రెండోదాన్ని ముట్టుకునే ధైర్యం చాలక ఈనాటికీ అల్మారాలోనే ఉంచాను. ఎవరూ వాడకపోయినా రబ్బరు డబ్బాలోనే ముసలిదవుతుంది. మన ఇంట్లో బీరువాలో ఎల్ఐసీ బాండ్లకు చుట్టిన రబ్బరు బ్యాండు పదేళ్ళకు తీస్తే కాగితానికి అతుక్కుని ముక్కలైన సంగతి నీకు తెలుసు. సహజ రబ్బరు అణువుల్లోని జంట బంధాలను గాలిలోని ఓజోను తెంచుతుంది, ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఆ పనిని ఇంకా తొందర చేస్తాయి, పైగా సాగదీసి ఉన్న చోటనే పగుళ్ళు ముందుగా పుడతాయి. అందుకే హుడ్డు ఎప్పుడూ లీవరు మూపు మీద, అంటే బాగా బిగుతుగా ఉన్న చోట, మొదట చీలుతుంది. నల్ల రబ్బరులో కలిపే కార్బన్ బ్లాక్ ఎండను అడ్డుకుంటుంది గనుక నల్లవి ఎక్కువ కాలం మన్నుతాయి. తేనె రంగువి అందంగా ఉంటాయి గాని ఆయుష్షు తక్కువ. నీ బండికి తేనె రంగే శోభ, అదే వేసుకో. కాకపోతే మళ్ళీ మార్చవలసి వస్తుందని ముందే తెలిసి వేసుకో.

కాబట్టి బండిని ప్రదర్శనకు పెట్టేవాడు పాత సరుకు కొనుక్కోవచ్చు, తొక్కేవాడు మాత్రం కొత్తగా పోసిన రబ్బరే కొనాలని నా గట్టి అభిప్రాయం. పాతదే కొనక తప్పని లీవరు అయితే, హుడ్డును రెండు వేళ్ళతో మడిచి పట్టుకుని, మడత దగ్గర తీసిన ఫోటో పంపమని అడుగు. సన్నని గీతలు కనిపిస్తే వదిలెయ్యి. ఇటలీలోని గయోలే ఊళ్ళో 1997లో మొదలైన ఎరోయికా అనే పాత సైకిళ్ళ యాత్రలో ప్రధానంగా 1987 దాకా తయారైన రేసు బండ్లకే ప్రవేశం, బ్రేకు కేబుళ్ళు కూడా లీవరు పైనుంచి బయటికి కనిపించాలి. అలాంటి పండగల వల్ల పాత సామానుకు గిరాకీ పెరిగింది. ధరలూ పెరిగాయి గాని, కొత్తగా పోతపోసే వాళ్ళు ముందుకు రావడం మనకు కలిసివచ్చింది.

తొడిగే పని నిదానంగా చెయ్యి. పాత హుడ్డును కోసే ముందు నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకో. కేబుల్ వదులు చేసి లీవరు నొక్కితే లోపల బిగింపు బోల్టు కనిపిస్తుంది. బార్‌కు చుట్టిన టేపును అక్కడి దాకా విప్పి, ఆ బోల్టు వదులు చేసి, లీవరును బార్ నుంచి పూర్తిగా తీసి బల్ల మీద పెట్టుకుని పని చేయడమే నాకు అలవాటు. లోహాన్ని సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టు. కొత్త హుడ్లను చెయ్యి పట్టేంత వేడి నీళ్ళలో అయిదు నిమిషాలు ఉంచితే మెత్తబడతాయి. లోపలి వైపు రబ్బింగ్ ఆల్కహాల్ పూసి, తడి ఆరకముందే వెనుక వైపు నుంచి జరుపుకుంటూ రా. ఒక్కచోట పట్టుకుని గుంజవద్దు, అరచేతితో చుట్టూ పట్టి కొద్ది కొద్దిగా తోయి. ఆల్కహాల్ ఆవిరైపోయాక రబ్బరు లోహాన్ని గట్టిగా పట్టుకుంటుంది. జారాలని నూనె గాని, గ్రీజు గాని, పెట్రోలియం జెల్లీ గాని పొరపాటున కూడా రాయవద్దు. సహజ రబ్బరు వాటిని పీల్చుకుని ఉబ్బి, వదులై, చేతికి జిగురు జిగురుగా తగులుతుంది. ఆ రాత్రికి అలాగే వదిలేసి మర్నాడు లీవర్లను బార్‌కు బిగించు. టేపు చుట్టేటప్పుడు హుడ్డు వెనుక అంచును ముందుకు మడిచి ఉంచి, చుట్టడం అయ్యాక కిందికి దించితే టేపు కొస దాని కింద దాగిపోతుంది.

ఎలాగూ కేబుళ్ళు ఊడదీస్తున్నావు గనుక వాటినీ, బ్రేకు రబ్బర్లనూ కొత్తవి వేసెయ్యి. యాభై ఏళ్ళ బ్రేకు రబ్బరు చూడ్డానికి బాగానే ఉన్నా రాయిలా గట్టిపడి ఉంటుంది. బండిని బేస్‌మెంటులో పెడతానన్నావు, మంచిదే, కాకపోతే మోటారు తిరిగే యంత్రాలకు దూరంగా పెట్టు, వాటి నిప్పురవ్వల దగ్గర కూడా ఓజోను పుడుతుంది. హుడ్లు ఆర్డరు పెట్టేముందు లీవరు పక్క నుంచి తీసిన ఫోటో ఒకటి, కొలతలతో సహా నాకు పంపు, సగం హుడ్డో నిండు హుడ్డో ఇద్దరం చూసి తేల్చుకుందాం.

ఇట్లు,
మీ పెదనాన్న,
పిట్స్‌బర్గ్