ఏ సర్టిఫికెట్టో మీ అబ్బాయి టికెట్లు చెబుతాయి

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ ఈసీఈ చేసి హైదరాబాద్‌లో ఒక కంపెనీ సర్వీస్ డెస్క్‌లో, కంప్యూటర్ సమస్యలకు వచ్చే ఫోన్లు తీసుకునే పనిలో చేరాడు. ఏడాదిన్నర అయింది. రాత్రి షిఫ్టులు, జీతం 22 వేలు. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు సైబర్ సెక్యూరిటీ కోర్సు, సీఈహెచ్ (సర్టిఫైడ్ ఎథికల్ హ్యాకర్)తో కలిపి మూడు సర్టిఫికెట్లు, మొత్తం లక్షా పది వేలకు చేయిస్తామంటున్నారు. డబ్బు సర్దుతాను. ఇది చేయించమంటారా, నెట్‌వర్కింగ్‌కు సిస్కో వాళ్లిచ్చే సీసీఎన్ఏనా, మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన అజూరా? వాడితో చదివినవాళ్లంతా డెవలపర్లయ్యారు. వీడు ఫోన్లెత్తుతూ ఉండిపోతాడేమోనని నిద్ర పట్టడం లేదు. – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: సర్టిఫికెట్ల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ చివరి మాట గురించి. ఏడాదిన్నర సర్వీస్ డెస్క్‌లో ఉన్నంత మాత్రాన అబ్బాయి వెనకబడిపోలేదండీ. ఇవాళ సర్వర్లు, నెట్‌వర్కులు చూసుకుంటున్నవాళ్లలో ఎంతోమంది మొదట్లో పాస్‌వర్డులు రీసెట్ చేసినవాళ్లే. కోపంగా ఉన్న యూజరు చెప్పే అరకొర మాటల్లోంచి అసలు లోపమేమిటో పట్టుకోవడం ఏ కోర్సూ నేర్పదు. మూడేళ్లు దాటాక కూడా రోజంతా అవే రీసెట్లయితే అప్పుడు కంగారు పడండి. ఇంకా టైముంది.

ఇక ఆ లక్షా పది వేల ప్యాకేజీ. సైబర్ సెక్యూరిటీ మంచి రంగమే. నా అనుమానమంతా హెల్ప్ డెస్క్ నుంచి ఒక్క గెంతులో అక్కడికి చేరొచ్చన్న మాట మీద. హ్యాకర్ అన్న పేరు చూసి మీకు మోజు పుట్టింది కానీ, ఆ సీఈహెచ్ పరీక్ష 125 ప్రశ్నలకు ఆప్షన్లలోంచి జవాబు ఎంచుకునేది. చేత్తో చేసి చూపించే ప్రాక్టికల్ పరీక్ష విడిగా ఉంది. అది మీ ప్యాకేజీలో ఉందా? ఈసారి ఫోన్ చేసినప్పుడు అడిగి చూడండి. వెబ్‌సైట్ పేర్లను కంప్యూటర్ అడ్రసులుగా మార్చే డీఎన్ఎస్ ఎలా పనిచేస్తుందో, నెట్‌వర్క్ రాకపోకలకు కాపలా కాసే ఫైర్‌వాల్‌లో రూల్ ఎందుకు రాస్తారో, కంపెనీ యూజర్ల అకౌంట్లుండే యాక్టివ్ డైరెక్టరీలో ఎవరికి ఏ హక్కులుంటాయో తెలియకుండా దేన్ని కాపాడతాడు? మామూలుగా పనిచేసేటప్పుడు నెట్‌వర్క్ ఎలా ఉంటుందో తెలిసినవాడికే అందులో తేడా కనిపిస్తుంది.

ఇంకో మాట వాళ్లు చెప్పరు. సెక్యూరిటీలో కొత్తవాళ్లకు మామూలుగా దొరికేది సాక్‌లో, అంటే దాడుల మీద కన్నేసి ఉంచే సెంటర్లో, ఎల్1 (మొదటి స్థాయి) అనలిస్ట్ పని. అదీ రాత్రి షిఫ్టే, అక్కడా టికెట్లే (నమోదైన ఒక్కో సమస్యా ఒక్కో టికెట్). ఫోన్ మోగే బదులు స్క్రీన్ మీద అలర్టు వస్తుంది, అంతే తేడా. ఇష్టంతో వెళ్లేవాడికి అది మంచి మెట్టు. రాత్రి డ్యూటీ తప్పుతుందని వెళ్లేవాడికి మాత్రం పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే. ఆ తర్వాత సీఐఎస్ఎస్‌పీ అనే పెద్ద సెక్యూరిటీ సర్టిఫికెట్ చేస్తే జీతం ఎగబాకుతుందని కూడా చెప్పే ఉంటారు. దానికి పరీక్ష పాసైతే సరిపోదు, ఆ రంగంలో ఐదేళ్ల అనుభవం చూపాలి. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

ఇన్‌స్టిట్యూట్లన్నీ మోసమని నేననను. అమీర్‌పేటలో కూర్చుని నిజంగా పని నేర్చుకున్నవాళ్లు నాకు తెలుసు. కాకపోతే రెండు మాటలు వినబడితే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి. ఒకటి, డంప్స్, అంటే దొంగచాటుగా బయటికొచ్చిన పరీక్ష ప్రశ్నలు, ఇస్తామనడం. బయటపడితే సర్టిఫికెట్ రద్దవుతుంది. బయటపడకపోయినా ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతాడు. రెండోది, రెజ్యూమెలో రెండేళ్ల అనుభవం మేమే పెడతామనడం. పీఎఫ్ నంబరు యూఏఎన్‌లో ఏ కంపెనీలో ఎప్పుడు చేరాడు, ఎప్పుడు మానేశాడు అన్నీ కనిపిస్తాయి. అలా పట్టుబడితే ఉన్న ఉద్యోగానికే ఎసరు.

ఇప్పుడు మీకు కోపం వచ్చినా ఒకటి అడగాలి. ఇంత ఉత్తరం రాశారు, ఫీజు ఉంది, జీతం ఉంది, క్లాస్‌మేట్లున్నారు. అబ్బాయికి ఏ పని చేస్తుంటే ఉత్సాహంగా ఉంటుందో ఒక్క ముక్క లేదు. రోజూ ఎలాంటి టికెట్లు మూస్తున్నాడో ఎప్పుడైనా అడిగారా? 'జీతం పెరిగిందా' అన్నది కాకుండా ఇంకేదైనా? పెళ్లిచూపుల్లో చెప్పుకోవడానికి సైబర్ సెక్యూరిటీ అన్న పేరు బాగుంటుందని మీకు తోచి ఉంటే, అది మీ అవసరం. ఆ ఫీజు అబ్బాయి నెత్తిన పెట్టకండి. అప్పు తెచ్చి కడితే ప్రతి నెలా ఆ వడ్డీ సంగతి వాడికి ఎత్తిచూపుతారు, నాకు తెలుసు. నేనూ ఒక తండ్రినే.

సరే, మీరడిగిన పోలిక. అబ్బాయిని గత మూడు నెలల టికెట్లు ముందు వేసుకోమనండి. తను సొంతంగా మూసినవి ఏవి, పై టీముకు పంపినవి ఏవి? ఆ పంపిన కుప్పే చూడాల్సింది. ఎక్కువగా ఏ టీముకు వెళ్తున్నాయో, తను తర్వాత వెళ్లడానికి దగ్గరి దారి ఆ టీమే.

అవి వీపీఎన్, వైఫై, స్విచ్ పోర్టుల గొడవలైతే సీసీఎన్ఏ. ఈసీఈ చదివాడు కాబట్టి నా మొగ్గు కొంచెం ఇటే. ఫీజు 300 డాలర్లు, పన్ను అదనం, మూడేళ్లు చెల్లుతుంది. ప్రాక్టీసుకు సిస్కో వాళ్ల ప్యాకెట్ ట్రేసర్ ఉచితం. యూజర్ అకౌంట్లు, గ్రూపులు, పర్మిషన్లు, అజూర్‌లో వర్చువల్ మెషీన్లు అయితే అజూర్ నిర్వహణకు ఇచ్చే ఏజెడ్ 104. ఏడాదికోసారి రెన్యూ చేసుకోవాలి, దానికి మళ్లీ డబ్బు కట్టక్కర్లేదు, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో రాసేదే. దాని కింద ఉండే ఏజెడ్ 900 పరిచయానికి పనికొస్తుంది తప్ప దాన్ని చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. లైనక్స్ సర్వర్లయితే రెడ్ హ్యాట్ వాళ్ల ఆర్‌హెచ్‌సీఎస్ఏ. ఇందులో ఆప్షన్లే ఉండవు, మెషీన్ ఇచ్చి పని చేయమంటారు, చేస్తే పాస్. బట్టీ కొట్టినవాడు నిలబడలేడు కాబట్టి నాకు దీని మీద గౌరవం ఎక్కువ. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ మాత్రం తన కంపెనీలో అది వాడుతుంటేనే.

ఈ మూడింట్లో ఒక్కటి చాలు. ఆర్నెల్లు దాని మీదే ఉండమనండి. పరీక్ష ఫీజు కంపెనీ వెనక్కి ఇస్తుందేమో ముందు హెచ్ఆర్‌ను కనుక్కోమనండి, చాలా చోట్ల ఇస్తారు. ఈలోపు రోజూ చేత్తో చేసే పనొకటి, యాభై మంది కొత్త యూజర్ల అకౌంట్లు తెరవడం లాంటిది, పవర్‌షెల్ స్క్రిప్టుతో (విండోస్‌లో పనులు వాటంతటవే జరిగేలా రాసే కమాండ్లు) చేసి పై స్థాయి ఎల్2 టీము లీడ్‌కు చూపించమనండి. లోపల ఖాళీ పడి, ఐజేపీ కింద ఉన్న ఉద్యోగుల్లోంచే ఎంచుకునేటప్పుడు ఆ లీడ్‌కు గుర్తొచ్చే పేరు ముఖ్యం. బయట ఇంటర్వ్యూల్లో సర్టిఫికెట్ పిలుపు తెస్తుంది, ఈ స్క్రిప్టు మాట్లాడటానికి సరుకిస్తుంది.

ఇంకొక్కటి. రాత్రంతా కూర్చుని వచ్చిన పిల్లవాడికి పొద్దున తొమ్మిదింటికి ఫోన్ చేసి చదువుతున్నావా అని లేపకండి. షిఫ్టుకు వెళ్లే ముందు సాయంత్రం గంటన్నర చదివితే చాలు.

ఆ టికెట్ల లెక్క తేలాక మళ్లీ రాయండి, ఏది ముందో తేల్చి చెబుతాను. ఈసారి ఉత్తరం అబ్బాయే రాస్తే బాగుంటుంది.