ఇంటి నెమ్మది గురించి పెద్దమ్మ లేఖ

చిరంజీవి సౌభాగ్యవతి బిడ్డకు, హనుమకొండ నుండి నీ పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. కాజీపేటలో అద్దెకు దిగిన మూడు నెలలకే ఇంట్లో ఎవరికీ కంటినిండా నిద్ర లేదని, మూడేళ్ళ బాబు చీటికిమాటికి ఏడుస్తున్నాడని, అత్తమ్మ పెట్టే టీవీ మోతకు నీకు తలనొప్పి వస్తున్నదని వ్రాశావు. గోడలకు లేత రంగులు వేయించి, నాలుగు అలంకరణ వస్తువులు కొంటే ఇల్లు నెమ్మదిస్తుందా అని అడిగావు. బిడ్డా, ఆ డబ్బు ఇప్పుడే ఖర్చు పెట్టవద్దు. నలభై ఏళ్ళ కాపురంలో నేను గమనించినంతవరకు మన వైపు ఇండ్లలో చిరాకు మొదట వేడి వల్ల, నిద్రలేమి వల్ల పుడుతుంది. ఒకరి మీద ఒకరికి కోపంగా అది ఆ తరువాత బయటపడుతుంది.

కనుక పడకగదితో మొదలుపెట్టు. మీ పడమటి గోడ పొద్దుగూకేదాకా ఎండను పీల్చుకొని, ఆ వేడిని రాత్రి లోపలికి వదులుతుంది. అద్దం దాటి వచ్చిన వేడిని లోపలి పరదా పెద్దగా ఆపలేదు, అందుచేత కిటికీకి బయటివైపున వెదురు తడక గాని వట్టివేళ్ళ తెర గాని కట్టించు. ఇంటి యజమాని ఒప్పుకుంటే డాబాపై తెల్లసున్నం వేయించడం ఇంకా మేలు. రాష్ట్ర ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది కూడా ఈ ఉద్దేశంతోనే. కూలర్‌ను మూసిన గదిలో నడపడం చాలామంది చేసే పొరపాటు. అది నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది కాబట్టి, ఆ తేమగాలి బయటకు పోయే దారి లేకపోతే కొద్దిసేపటికే ఒళ్ళంతా జిగటగా మారి, పిల్లవాడు మంచం మీద దొర్లుతూనే ఉంటాడు. కూలర్‌ను కిటికీ బయట స్టాండు మీద నిలిపి, ఎదుటి కిటికీని కొంచెం తెరిచి ఉంచు. మోటారు చప్పుడు కూడా తగ్గుతుంది.

ఇక చప్పుడు సంగతి. హాయిగా నిద్ర పట్టాలంటే పడకగదిలో శబ్దం 30 డెసిబెల్స్‌ను మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రైళ్ళ జంక్షన్ పక్కన అది ప్రతి రాత్రీ కుదిరే పని కాదు, దాని గురించి బాధపడకు. ఇంటి లోపలి మోతను తగ్గించడం మాత్రం నీ చేతిలో ఉంది. టైల్స్ పరచిన ఖాళీ హాలులో ప్రతి మాటా మారుమోగుతుంది. నేలమీద నూలు జంపఖానా పరిస్తే ఆ మోత కొంత అణగుతుంది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన మన వరంగల్ జంపఖానాలు కొత్తవాడలోనే దొరుకుతాయి.

అత్తమ్మ విషయంలో తొందరపడవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. మా అత్తమ్మ కూడా టీవీ శబ్దం పెంచుతూ పోతే, నన్ను సాధించడానికే అలా చేస్తున్నదని రెండేళ్ళు లోలోపల రగిలిపోయాను. చివరకు చెవి పరీక్ష చేయిస్తే ఆమెకు వినికిడి బాగా తగ్గిందని తేలింది. మిషను పెట్టించిన వారంలోనే ఇంటి మోత తగ్గింది. అంతకుమించి, ఆమె మళ్ళీ నలుగురితో మాట్లాడసాగింది. ఆ రెండేళ్ళు తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. నీవు ఆ తప్పు చేయకు. ఆమె కుర్చీని వాకిలి కనిపించే చోట వేయి. వచ్చేపోయేవారు పలకరిస్తూ ఉంటే టీవీతో అంత పని ఉండదు.

బాబుకు తెర ముందు రోజుకు 1 గంట మించనివ్వకు. రాత్రి భోజనం కాగానే హాలులో పెద్ద దీపాలు ఆర్పి, ఫోన్లు మీరిద్దరూ కూడా వంటింటి అలమరలో పెట్టండి. వెలుతురు తగ్గితేనే నిద్ర తెచ్చే మెలటోనిన్ సరిగా ఊరుతుంది. పెద్దలు పాటించని నియమాన్ని పిల్లవాడు ఒప్పుకోడు.

వచ్చే ఆదివారం మీ పెద్దనాన్న కాజీపేట వస్తున్నారు. జంపఖానా ఆయన చేతికిచ్చి పంపుతాను. హాలు పొడవు, వెడల్పు కొలిచి ముందుగా ఫోనులో చెప్పు. అత్తమ్మను చెవి పరీక్షకు ఆయన వెంట పెట్టుకొని తీసుకువెళతారు.

ఇట్లు,
నీ పెద్దమ్మ